రిపేరుకి కూడా సరిహద్దు గీస్తే ఎలాగండీ?



ఈసారి విషయం హెడ్‌ఫోన్లు. బడి గురించో, భాష గురించో రాయకుండా ఇదేమిటని కొందరు అనుకోవచ్చు. కాని ఈ మధ్య మన సంఘంలో చాలామంది మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఇదే. "అబ్బాయి సింగపూర్ నుంచి వస్తున్నాడు. హెడ్‌ఫోన్ అక్కడే కొని తెమ్మనమంటారా, ఇక్కడే కొనుక్కోమంటారా?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బయటి దేశంలో కొని తెచ్చుకోవడం తప్పు కాదు, సిగ్గుపడవలసిన పనీ కాదు. కంపెనీ దేశానికొక ధర పెట్టుకోవడాన్ని కూడా మేము తప్పు పట్టం. కాని వస్తువు చెడిపోయినప్పుడు, డబ్బు ఇస్తామన్నా సరే, "ఇది వేరే దేశం సరుకు, ముట్టుకోము" అనడం మాత్రం అన్యాయం. మనం గట్టిగా అడగవలసింది ఆ ఒక్క విషయం మీదే.

ముందు, ఈ వస్తువు మనవాళ్ళకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. తమిళనాడులో పుట్టి పెరిగిన మా వయసు వాళ్ళం చాలామందిమి తమిళ మీడియంలో చదువుకున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పలకలో మాత్రం తెలుగు దిద్దలేదు. హోసూరులో, కోయంబత్తూరులో, మదురైలో ఇదే కథ. బరంపురం వాళ్ళు ఒడియాలో, షోలాపురం వాళ్ళు మరాఠీలో చదువుకున్నామని చెబుతూనే ఉంటారు. రిటైరయ్యాక కూర్చుని అక్షరాలు నేర్చుకున్నవాళ్ళం కొందరం ఉన్నాం, ఆ ఓపిక లేనివాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళకి తెలుగు కంటి ద్వారా రాదు, చెవి ద్వారానే వస్తుంది. హరికథ, పద్యనాటకం, పాత సినిమా పాటలు, ప్రవచనం, ఆకాశవాణి వార్తలు, ఇవే వాళ్ళ తెలుగు లైబ్రరీ.

ఆ లైబ్రరీ ఇప్పుడు ఫోన్లో ఉంది. ఇల్లేమో చిన్నది. హాల్లో మనుమరాలు పరీక్షకి చదువుకుంటూ ఉంటుంది, కోడలు ఆఫీసు మీటింగులో ఉంటుంది. ఫోను గట్టిగా పెడితే గొడవ, మెల్లగా పెడితే వినపడదు. డెబ్బై దాటిన చెవికి సన్నని శబ్దాలు ముందు పోతాయి. మాట వినిపిస్తుంది గాని ఏ మాటో తెలియదు. అలాంటివాళ్ళకి చెవిని మెత్తగా కప్పి, మాటని విడివిడిగా వినిపించే హెడ్‌ఫోన్ కళ్ళజోడులాంటిది. దాన్ని విలాసం అనుకోకండి.

సరే, మన సంఘంలో ఒక పెద్దాయనకి జరిగింది చెబుతాం. పేరు వద్దు, కంపెనీ పేరు కూడా వద్దు. ఆయన కూతురు సింగపూర్‌లో ఒక షోరూంలో బిల్లుతో సహా హెడ్‌ఫోన్ కొని తెచ్చింది. అయిదు నెలలు బాగా పనిచేసింది. తర్వాత ఎడమవైపు శబ్దం పోయింది. ఆయన బిల్లు, పెట్టె రెండూ పట్టుకుని చెన్నైలో అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి సీరియల్ నెంబరు కొట్టి చూసింది.

"ఇది సింగపూర్ పీసు సార్. ఇక్కడ వారంటీ రాదు."

"వారంటీ వద్దమ్మా. ఎంతవుతుందో చెప్పు, ఇస్తాను. బాగుచేయించు."

"డబ్బులిచ్చినా కుదరదు సార్. ఈ నెంబరుకి మా సిస్టంలో జాబ్ కార్డే తెరుచుకోదు."

ఆయన వాదించలేదు. ఆ అమ్మాయి చేతిలో ఏముంది పాపం. అక్కడి నుంచి రిచీ స్ట్రీట్‌కి వెళ్ళారు. ఒక చిన్న కొట్టులో కుర్రాడు విప్పి చూస్తే, మడత దగ్గర ఒక వైరు తెగింది. అతికించి ఇచ్చాడు, 350 రూపాయలు తీసుకున్నాడు. ఇప్పటికీ పనిచేస్తోంది. అంటే చేయలేని పని కాదు, చేయగూడదని పెట్టుకున్న పని. మా కోపమంతా అక్కడే.

ఇలా ఎందుకు చేస్తారో కూడా తెలుసుకోవాలి. పెద్ద కంపెనీలు ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచి, ఒక్కో ప్రాంతానికి ఒక డిస్ట్రిబ్యూటర్‌ని, ఆయన కింద డీలర్లని పెడతాయి. నీ ప్రాంతంలోనే అమ్ము, బయటికి పంపకు అని ఒప్పందం రాయించుకుంటాయి. మాట తప్పిన డీలరుకి సరుకు ఆపేస్తాయి. అందుకే అమెరికాలో ఒక వెబ్‌సైట్‌లో నచ్చిన మోడల్ ఎంచుకుని చెన్నై అడ్రసు కొట్టగానే, మీ ప్రాంతానికి పంపలేము అని వస్తుంది. అక్కడి కొట్టువాడి మీద కోపగించి లాభం లేదు. అమ్మాలనే ఉంటుంది వాడికి, ఒప్పందం ఒప్పుకోదు.

ధర ఎందుకు తేడా అంటే, ఒకే కారణం లేదు. మన దగ్గర దిగుమతి సుంకం ఉంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. డిస్ట్రిబ్యూటర్ లాభం, డీలరు లాభం ఉన్నాయి. ఖరీదైన మోడళ్ళు మన దగ్గర తక్కువే అమ్ముడుపోతాయి, కాబట్టి ఒక్కో పీసు మీద ఖర్చు ఎక్కువ పడుతుంది. కొన్ని మోడళ్ళు అసలు ఇక్కడికి తీసుకురారు. మనవాళ్ళు బయట కొనడానికి ధర ఒక్కటే కారణం కాదు, ఇక్కడ దొరకకపోవడం కూడా కారణమే.

ఇక్కడ డీలరు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆయన అద్దె కడతాడు, ఇద్దరు కుర్రాళ్ళకి జీతం ఇస్తాడు, సుంకం కట్టిన సరుకు తెచ్చి పెడతాడు. మనం వెళ్ళి ఏసీలో కూర్చుని, నాలుగు జతలు చెవికి పెట్టి చూసి, "ఇంట్లో అడిగి చెబుతాం" అని బయటికి వచ్చి అబ్బాయికి మోడల్ నెంబరు పంపిస్తాం. ఆ తర్వాత చెడిపోతే ఆయన ఖర్చుతో ఉచితంగా బాగుచేయాలంటే న్యాయం కాదు. ఉచిత వారంటీ ఇక్కడ కొన్నవాళ్ళకే అంటే మేము ఒప్పుకుంటాం.

దేశానికొక ధర అనే పద్ధతి వల్ల మనకి మేలు జరిగిన సంగతీ మరిచిపోకూడదు. మన పిల్లలు ఇంజినీరింగ్ చదివిన పుస్తకాలు గుర్తున్నాయా? అట్ట మీద, ఈ ప్రతి భారతదేశం, నేపాల్, శ్రీలంక లాంటి దేశాల్లో మాత్రమే అమ్మకానికి అని అచ్చువేసి ఉండేది. అమెరికాలో వేలల్లో ఉండే పుస్తకం మనకి వందల్లో దొరికింది. ఆ గీత లేకపోతే ఆ ధరకి ఇచ్చేవాళ్ళు కాదు. మనకి లాభమైనప్పుడు గీత మంచిది, నష్టమైనప్పుడు చెడ్డది అంటే మాట నిలబడదు. అందుకే మేము ధర జోలికి పోవడం లేదు.

ఆ పుస్తకాల మీదే అమెరికాలో పెద్ద కేసు నడిచింది. సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే థాయిలాండ్ విద్యార్థి అక్కడ చదువుకుంటూ, తన దేశంలో చవకగా దొరికే పాఠ్యపుస్తకాలను ఇంటివాళ్ళతో తెప్పించుకుని అమెరికాలో అమ్మాడు. జాన్ వైలీ అనే ప్రచురణ సంస్థ కోర్టుకెక్కింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు విద్యార్థి వైపే తీర్పు ఇచ్చింది. న్యాయంగా డబ్బిచ్చి కొన్న పుస్తకం, ఏ దేశంలో అచ్చయినా, కొన్నవాడిది. దాన్ని తిరిగి అమ్ముకోవడాన్ని కాపీరైట్ పేరుతో ఆపలేరు అని దాని సారాంశం.

మన దేశంలో ఇలాంటిదే 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ముందు తేలింది. అందులో వస్తువు శాంసంగ్ ప్రింటర్లు. కంపెనీ అనుమతి లేకుండా బయటి దేశం నుంచి అసలైన సరుకే దిగుమతి చేసుకుని అమ్ముతున్నారని కంపెనీ కేసు వేసింది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో 30వ సెక్షన్‌ని చూసి, అసలైన వస్తువుని ప్రపంచంలో ఎక్కడైనా న్యాయంగా కొని ఇక్కడ అమ్మవచ్చని బెంచి చెప్పింది. ఒక షరతు పెట్టింది. ఇది దిగుమతి చేసిన సరుకు, దీనికి కంపెనీ వారంటీ ఉండదు, సర్వీసు బాధ్యత అమ్మేవాడిదే అని కొట్టులో అందరికీ కనపడేలా రాసి పెట్టాలి. అది హైకోర్టు తీర్పే, దేశమంతటికీ ఆఖరి మాట కాదు. అయినా గమనించండి, ఆ తగాదా వ్యాపారం చేసేవాళ్ళది. మన చెవికి పెట్టుకోవడానికి ఒక జత తెచ్చుకునే మనకి ఆ తగాదాతో పనే లేదు.

వారంటీ సంగతి కూడా కాంపిటిషన్ కమిషన్ ముందుకి వెళ్ళింది. కంప్యూటర్ ప్రాసెసర్లు చేసే ఇంటెల్ కంపెనీ, భారతదేశంలో తన అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొన్నవాటికే ఇక్కడ వారంటీ అని 2016లో పద్ధతి మార్చింది. దాని మీద ఒక దిగుమతిదారు ఫిర్యాదు చేస్తే 2019లో కమిషన్ విచారణకు ఆదేశించింది. అంటే ఇది మన సంఘంలో నలుగురు పెద్దవాళ్ళ సణుగుడు మాత్రమే కాదు.

యూరప్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2018 డిసెంబర్ 3 నుంచి అక్కడ ఒక రూలు అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం కొట్టువాడు, నువ్వు పక్క దేశం వాడివి కాబట్టి నీకు అమ్మను అనకూడదు. పక్క దేశానికి పార్సెల్ పంపి తీరాలని మాత్రం అందులో లేదు. ధర విషయం వ్యాపారికి వదిలి, మనిషిని ఊరు చూసి వెళ్ళగొట్టడాన్ని మాత్రం ఆపారు. మేము అడిగేదీ దాదాపు అలాంటిదే.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మాకు ఇంకోటి గుర్తొస్తుంది. ఒకప్పుడు మద్రాసులో కూర్చుని సికిందరాబాద్ నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే, ఇక్కడి నుంచి తంతి పంపాలి, అక్కడి నుంచి జవాబు రావాలి. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాద్ రిజర్వేషన్ కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ తర్వాత ఏ కౌంటర్లో తీసిన టికెట్టయినా ఏ కౌంటర్లోనైనా పీఎన్‌ఆర్ నెంబరు కొడితే వచ్చేది. ఇది దక్షిణ రైల్వే టికెట్టు, మా దక్షిణ మధ్య రైల్వేలో చెల్లదు అని ఎవరూ అనలేదు. అక్కడ నెంబరు ప్రయాణికుడిని గుర్తుపట్టి పని చేసిపెట్టడానికి. ఈ సర్వీస్ సెంటర్లలో అదే నెంబరు మనిషిని గుర్తుపట్టి బయటికి పంపడానికి. కంప్యూటర్ చేయలేక కాదు, చేయవద్దని చెప్పారు కాబట్టి చేయడం లేదు.

సరిహద్దు దాటి వస్తువు కొనడం మనవాళ్ళకి కొత్త కాదు. ఫ్రెంచి వాళ్ళున్న రోజుల్లో గోదావరి జిల్లాల వాళ్ళు ఫారిన్ సామాను కోసం యానాం వెళ్ళేవారని యానాం మిత్రులు ఇప్పటికీ చెబుతారు. చెన్నైలో బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్ళు పెట్టుకున్న బర్మా బజార్ మనందరికీ తెలుసు. టేప్ రికార్డర్ అంటే అక్కడే. అప్పట్లో వారంటీ అనే మాటే లేదు, అయినా ఏ వస్తువైనా విప్పి బాగుచేసేవాడు వీధికొకడు ఉండేవాడు. ఇప్పుడు వస్తువుని జిగురుతో అతికించేస్తారు, స్పేర్ పార్టులు బయట అమ్మరు. కంపెనీ తలుపు మూసుకుంటే వేరే తలుపు లేకుండా చేశారు. అందుకే ఈ గీత ఇప్పుడు అప్పటికంటే ఎక్కువ కోస్తుంది.

ఇక, కొనాలనుకున్నవాళ్ళు ఏం చేయాలి?

కొనేముందు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. మోడల్ నెంబరు రాసి, రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఫలానా దేశంలో కొంటే భారతదేశంలో వారంటీ వస్తుందా? రాకపోతే డబ్బు తీసుకుని అయినా రిపేరు చేస్తారా? జవాబు కాగితం మీద ఉంటే రేపు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. కొట్టువాడు నోటితో చెప్పిన ఇంటర్నేషనల్ వారంటీని నమ్మకండి.

వైరు ఊడదీసి మార్చుకోగలిగేవి, చెవి దగ్గరి మెత్తలు మార్చుకోగలిగేవి ఎంచుకోండి. ముందు పాడయ్యేవి ఎక్కువగా అవే. వైర్లెస్ అయితే బ్యాటరీ కొన్నేళ్ళకి బలం తగ్గుతుంది, దాన్ని మార్చే వీలుందో లేదో అడగండి. యూఎస్‌బీతో చార్జి అయ్యేవాటికి కరెంటు ఇబ్బంది లేదు. కాని కొన్ని పెద్ద హెడ్‌ఫోన్లతో పాటు గోడ ప్లగ్గుకి పెట్టే ఆంప్లిఫయర్ కొంటారు. అమెరికాలో 120 వోల్టులు, జపాన్‌లో 100 వోల్టులు. మనది 230. వెనక ఏ వోల్టేజి రాసి ఉందో చూడకుండా ఇక్కడ పెడితే కాలిపోతుంది.

ఇక్కడే కొట్టులో కొంటుంటే పెట్టె మీద స్టిక్కరు చూడండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం దిగుమతి చేసిన వస్తువు పెట్టె మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, గరిష్ఠ ధర, నెల, సంవత్సరం ఉండాలి. అవి లేకపోతే అది కంపెనీ ద్వారా వచ్చిన సరుకు కాకపోవచ్చు. నకిలీ కూడా కావచ్చు. తక్కువ ధరకి ఇస్తానంటే ఎందుకు తక్కువో అడిగే హక్కు మనకుంది.

కస్టమ్స్ విషయంలో మనవైపు చేతులు శుభ్రంగా ఉండాలి. 2016 నాటి బ్యాగేజి రూల్స్‌లో విదేశం నుంచి వచ్చేవారికి 50,000 రూపాయల వరకు సామానుకి సుంకం మినహాయింపు రాశారు. నేపాల్, భూటాన్, మయన్మార్ నుంచి అయితే 15,000. ఈ హద్దులు ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి ప్రయాణానికి ముందు ఒకసారి చూసుకోమని పిల్లలకి చెప్పండి. ఇద్దరు ప్రయాణికుల హద్దులు కలిపి ఒకే ఖరీదైన వస్తువుకి లెక్క కట్టుకోవడం కుదరదు. సంఘంలో నలుగురికి నాలుగు జతలు ఒకరి పెట్టెలో తెమ్మని మొహమాటపెట్టడం కూడా వద్దు. అడ్డుకుని వ్యాపారమా అని అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆ పిల్లవాడే. పోస్టులో, కొరియర్లో గిఫ్ట్ అని రాసి పంపడం అసలు పనికిరాదు. 2019 డిసెంబర్ నుంచి ప్రాణాలు కాపాడే మందులకి, రాఖీలకి తప్ప ఆ దారి మూసేశారు. ధర తక్కువగా రాయించడం కూడా అంతే తప్పు. సుంకం కట్టిన రసీదు దాచుకోండి. న్యాయం అడగడానికి వెళ్ళేవాడి జేబులో న్యాయమైన కాగితాలు ఉండాలి.

చివరిగా సంఘం చేయవలసిన పని. మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం.

మొదటిది, డబ్బు తీసుకునైనా రిపేరు చేయమన్న అనుభవం ఎవరికైనా ఉంటే తేదీ, మోడల్, వాళ్ళు చెప్పిన జవాబు రాసి కార్యదర్శిగారికి పంపండి. పదిమందివి చేరితే ఒక అర్జీగా తయారుచేసి వినియోగదారుల వ్యవహారాల శాఖకి పంపుదాం. ఆ శాఖే 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మొబైల్, ఎలక్ట్రానిక్స్ కూడా అందులో ఉన్నాయి. కాబట్టి మనం అడిగేది వాళ్ళకి కొత్త మాట కాదు. అర్జీలో ఒక్కటే అడుగుదాం. అసలైన వస్తువు అయితే, ఎక్కడ కొన్నా, తగిన రుసుము తీసుకుని రిపేరు చేయాలి, స్పేర్ పార్టు అమ్మాలి. ఉచితం వద్దు, ధర తగ్గించమనీ అడగవద్దు.

రెండోది, ఇక్కడ కొన్నవాళ్ళకి కూడా వారంటీ ఎగ్గొడితే ఊరుకోవద్దు. 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పరుగెత్తనక్కరలేదు.

మూడోది, రిచీ స్ట్రీట్‌లోనో, మీ ఊళ్ళోనో నమ్మకంగా రిపేరు చేసే కొట్టు తెలిసినవాళ్ళు సంఘానికి చెప్పండి. బెంగళూరు, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వాళ్ళు కూడా పంపితే ఊరివారీగా పట్టిక తయారుచేస్తాం. అర్జీకి జవాబు వచ్చేలోపు పెద్దవాళ్ళ చెవిలో పద్యం ఆగిపోకూడదు కదా.

ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మన సంఘంలో ఎలక్ట్రానిక్స్ కొట్లు నడుపుతున్న తమ్ముళ్ళు, మొహమాటం లేకుండా రాయండి. డీలరు కష్టం మాకంటే మీకే బాగా తెలుసు. రుసుము ఎంత ఉంటే మీకు గిట్టుబాటవుతుందో మీరు చెబితే అర్జీలో అదే రాద్దాం.